గుర్రం కొనాలంటే ముందు ఏ పనికో చెప్పండి

పోయిన నెల ఈ శీర్షికలో కుక్కల వేసవి జాగ్రత్తల గురించి రాస్తూ, గుర్రాల మీద కూడా ప్రశ్నలు పంపమని చివర్లో ఒక మాట అన్నాం. విజయవాడ, గుంటూరు నుంచి ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయని అనుకోలేదు. జట్కాలు పోయాక మన ఊళ్లలో గుర్రం కనిపించేది పెళ్లి ఊరేగింపుల్లోనే, అయినా పిల్లలకు స్వారీ నేర్పించాలనీ తోటలో ఒకదాన్ని పెంచుకోవాలనీ ఆశపడేవాళ్లు బాగానే ఉన్నారు, సంతోషం. దాదాపు అందరూ "ఏ జాతి మంచిది?" అనే మొదలుపెట్టారు. ప్రతి జాతీ ఒక నేలలో, ఒక పని కోసం తయారైంది కాబట్టి ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు రాదు. ఏ పనికో, ఎక్కడ కట్టేస్తారో చెప్పండి, అప్పుడు జాతి సంగతి చూద్దాం.

ప్రశ్న: డాక్టరు గారూ, మా వాడికి పదకొండేళ్లు. స్వారీ నేర్చుకుంటానని ఒకటే గొడవ. హైదరాబాదులో రేసుల నుంచి తీసేసిన గుర్రాన్ని తక్కువ ధరకి ఇప్పిస్తానని తెలిసినాయన అంటున్నారు. చూడటానికి చాలా బాగుంది. తీసుకోమంటారా? — భవానీపురం, విజయవాడ

వద్దండీ. గుర్రం మంచిదే కావచ్చు, మీ అబ్బాయికి మాత్రం అది పనికిరాదు. హైదరాబాదు మలక్‌పేట రేసు మైదానంలో పరిగెత్తేవన్నీ థరోబ్రెడ్‌లు. ఇంగ్లండ్‌లో 17, 18 శతాబ్దాల్లో అక్కడి ఆడ గుర్రాలతో తూర్పు దేశాల మగ గుర్రాలను కలిపి ఈ జాతిని తయారుచేశారు, ఈరోజు ప్రపంచంలో ఉన్న ప్రతి థరోబ్రెడ్‌కీ తండ్రి వైపు వంశం బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరికే చేరుతుంది. 1791 నుంచి వీటి వంశావళిని అచ్చువేసి మరీ భద్రపరుస్తున్నారు. అంతకాలంగా వేగం ఒక్కటే చూసి ఎంపిక చేస్తూ వచ్చారు కాబట్టి గంటకు 60 కిలోమీటర్లు దాటి పోగలవు. చర్మం పల్చన, డెక్క గోడ కూడా చాలావాటికి పల్చనే, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాయి.

దీనికంటే ముఖ్యమైన సంగతి వాటి శిక్షణ. రెండేళ్ల వయసులోనే ట్రాక్ మీదికి తెస్తారు. జాకీ పగ్గాలు బిగబట్టి ముందుకు వంగాడంటే పరిగెత్తాలని వాటికి నేర్పుతారు. కొత్తగా ఎక్కిన పిల్లవాడు భయం వేస్తే ఏం చేస్తాడు? పగ్గాలు గట్టిగా లాగి, కాళ్లతో గుర్రం పక్కలు నొక్కిపట్టి, ముందుకు వంగి జూలు పట్టుకుంటాడు. పాపం, అది తనకు నేర్పినట్టే ఇంకా జోరుగా దౌడు తీస్తుంది. రేసులు మానేసిన గుర్రాన్ని ఓపికగా నెలల తరబడి మళ్లీ తీర్చిదిద్దితే చక్కటి స్వారీ గుర్రమవుతుంది, అలాంటివి చాలానే ఉన్నాయి, కానీ ఆ పని చేయాల్సింది అనుభవమున్న రౌతు.

ముందు ఏదైనా మంచి స్వారీ శిక్షణ కేంద్రంలో ఒక ఏడాది నేర్చుకోనివ్వండి. కాలేజీకి వెళ్లాక ఎన్‌సీసీలో రీమౌంట్ అండ్ వెటర్నరీ విభాగం ఉంది, అందులో గుర్రపుస్వారీ నేర్పుతారు. అప్పటికీ కొనాలనే ఉంటే పదేళ్లు దాటిన, బాగా పనిచేసి నెమ్మదించిన, 13 హ్యాండ్ల ఎత్తుండే దేశవాళీ గుర్రాన్ని వెతకండి. హ్యాండ్ అంటే 4 అంగుళాలు, మెడ, వీపు కలిసే చోట నేల నుంచి కొలుస్తారు. పిల్లల సైజుకు మణిపురి పోనీ సరిగ్గా ఉంటుంది, 11 నుంచి 13 హ్యాండ్లు, మహా గట్టిది. ఇప్పటి పోలో ఆటకు మూలం దాని మీద ఆడిన సగోల్ కాంగ్జే. కాకపోతే వాటి సంఖ్య బాగా తగ్గిపోయింది, మన వైపు దొరకడం కష్టం.

ప్రశ్న: మేలో మా అమ్మాయి పెళ్లి. మగపెళ్లివారు తెల్ల గుర్రం మీద ఊరేగింపు కావాలంటున్నారు. డీజే, టపాకాయలు, ఆ జనం తలుచుకుంటే నాకు ఇప్పటి నుంచే టెన్షన్‌గా ఉంది. ఏ జాతి గుర్రమైతే భయం లేదు? — అరండల్‌పేట, గుంటూరు

అమ్మా, మీ టెన్షన్‌లో అర్థముంది. ఊరేగింపులకు వచ్చేవి ఎక్కువగా రాజస్థాన్ మార్వారీ, గుజరాత్ కథియవారీ లేదా వాటి సంకరాలు. తెల్లగా కనిపించేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి పుట్టినప్పుడు నల్లగానో గోధుమరంగులోనో ఉండి ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుక తెల్లబడేది, దాని మూతి, కళ్ల చుట్టూ చర్మం నల్లగానే ఉంటుంది. రెండోది నుక్రా, పుట్టుకతోనే తెలుపు, లోపలి చర్మం గులాబీ రంగు. పెళ్లిళ్లకు నుక్రాకే గిరాకీ ఎక్కువ, పాపం ఎండకు మూతి మీద చర్మం కాలిపోయేది కూడా దానికే. నల్ల చర్మమున్న తెల్ల గుర్రాలకు వయసు మళ్లాక తోక కింద నల్లటి గడ్డలు రావడం మామూలు, అలాంటివి కనిపిస్తే యజమానికి చెప్పండి.

టపాకాయలకు బెదరని జాతంటూ లేదు. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు దొరికే జంతువు, భయం వేస్తే పారిపోవడమే దానికి తెలుసు. అందుకని ముందు రోజే వెళ్లి చూడండి. రోజూ మేపే మనిషిని తల కదలకుండా పట్టుకోమని, పక్కన నిలబడి పై పెదవి ఎత్తి పంటి చిగురు చూడండి, లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. నోటి మూలల్లో పుండ్లుంటే కళ్లెం బాగాలేదన్నమాట, ఆ గుర్రం వద్దనండి. ముళ్లున్న కళ్లెం వాడటం ఎటూ నిషిద్ధమే.

బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఒక మంచి మాట ఉంది. 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు వాటితో పని చేయించకూడదు. మే నెల గుంటూరుకు ఇంతకంటే పనికొచ్చే నియమం లేదు, ఊరేగింపును సూర్యాస్తమయం తర్వాతే పెట్టించండి. స్పీకర్ల బండి గుర్రానికి దూరంగా ముందెక్కడో ఉండాలి, టపాకాయలు గుర్రం ఉన్నంతసేపు వద్దు, కళ్లెం పట్టుకునే మనిషి రోజూ దాన్ని మేపే మనిషే అయి ఉండాలి. ఒక బకెట్ నీళ్లు దారిలో ఎక్కడో ఒక చోట సిద్ధంగా పెట్టించడం మర్చిపోకండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట పుణె నుంచి సగం థరోబ్రెడ్ ఆడ గుర్రాన్ని తెచ్చాను. ఈ ఏప్రిల్ నుంచి కాస్త నడిపించినా విపరీతంగా రొప్పుతోంది. చెమట మాత్రం లేదు. జ్వరమా? — విద్యాధరపురం, విజయవాడ

వెంటనే పట్టించుకోవాల్సిన సమస్య ఇది. గుర్రం ఒళ్లు చల్లబరుచుకునేది ప్రధానంగా చెమటతోనే. వేడితో పాటు గాలిలో తేమ కూడా ఎక్కువున్న చోట కొన్ని గుర్రాలకు చెమట గ్రంథులు నెమ్మదిగా పనిచేయడం మానేస్తాయి. బయటి నుంచి తెచ్చిన వాటిలో ఇది ఎక్కువగా చూస్తాం, అయితే ఇక్కడే పుట్టిన వాటికీ రావచ్చు. పొద్దున పని చేయించాక జూలు కింద, తొడల మధ్య చెయ్యి పెట్టి చూడండి, అక్కడ మాత్రమే కాస్త తడి తగిలి, భుజాలు, పక్కలు పొడిగా, వేడిగా ఉంటే అనుమానం బలపడినట్టే. ముఖం మీద వెంట్రుకలు రాలుతుంటాయి, మేత మీద ఆసక్తి తగ్గుతుంది. మామూలుగా 37.5 నుంచి 38.5 డిగ్రీల మధ్య ఉండే ఒంటి వేడి పని తర్వాత 40 దాటిపోయి ఎంతకీ దిగదు.

కచ్చితంగా నయం చేసే మందు లేదు. స్వారీ పూర్తిగా ఆపండి. నీడ, గాలి ఆడే పాక, పెద్ద ఫ్యాన్, రోజులో రెండు మూడుసార్లు ఒళ్లంతా చల్లని నీళ్లు పోసి ఆ నీటిని చేత్తో లాగేసి మళ్లీ పోయడం, మేతలో ఉప్పు, డాక్టరు చెప్పిన లవణాల పొడి, ఇవే ఆధారం. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి చూపించండి. చర్మంలోకి చిన్న మోతాదుల్లో మందు ఎక్కించి చెమట వస్తుందో లేదో చూసే పరీక్ష ఉంది. వర్షాలు పడి చల్లబడ్డాక చాలావాటికి తగ్గుతుంది, వచ్చే వేసవికి మళ్లీ వచ్చే అవకాశం కూడా అంతే ఉంది, అప్పటికి దాన్ని చల్లటి ఊరికి పంపగలిగితే అదే మేలు.

ఈ ఉత్తరాన్ని మిగతా పాఠకులు కూడా జాగ్రత్తగా చదవాలని కోరుతున్నాను. రాజస్థాన్‌లో గుర్రం 45 డిగ్రీలు తట్టుకుంటుంది కదా, ఇక్కడ 42కి ఏమవుతుందిలే అని చాలామంది అనుకుంటారు. అక్కడిది పొడి ఎండ, చెమట పట్టగానే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. కృష్ణ ఒడ్డున ఉక్క వేరు, చెమట కారిపోతుందే తప్ప ఆరదు.

ప్రశ్న: హిస్టరీ స్టూడెంట్‌ని సార్. కొండవీడు మీద రాస్తున్నాను. రాయలవారి సైన్యంలో గుర్రాలు ఏ జాతివి? మన దగ్గరే పెంచేవారా? — బ్రాడీపేట, గుంటూరు

మంచి ప్రశ్న అడిగావమ్మా. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి కొండవీడు గెలిచే నాటికి దక్షిణాదిలో పేరున్న యుద్ధాశ్వాలన్నీ సముద్రం మీద వచ్చినవే. పర్షియా సింధుశాఖ దగ్గరి హొర్ముజ్ నుంచి గోవా, భట్కల్ రేవుల్లో దిగేవి, ఎక్కువగా అరబ్బీ, పారశీక గుర్రాలు. పోర్చుగీసువాళ్లు 1510లో గోవా పట్టుకున్నాక ఈ వ్యాపారం వాళ్ల గుప్పిట్లోకి పోయింది, అందుకే రాయలు వాళ్లతో స్నేహంగా ఉన్నాడు. హొర్ముజ్ గుర్రాలు, దేశవాళీవి కలిపి రాజు ఏటా 13 వేలు కొనేవాడని విజయనగరం వచ్చిన పోర్చుగీసువాడు నూనిజ్ రాశాడు, అతను స్వయంగా గుర్రాల వ్యాపారి.

ఏటేటా అన్నేసి ఎందుకు కొనాల్సి వచ్చిందన్నది ఇంకా ఆసక్తికరం. 13వ శతాబ్దం చివర్లో మన మోటుపల్లి గురించి కూడా రాసిన మార్కోపోలో, పాండ్య దేశంలో దిగుమతి గుర్రాలు ఎక్కువకాలం బతకడం లేదనీ, వాటికి మాంసం కలిపి వండిన అన్నం పెడుతున్నారనీ చెప్పాడు. ఎడారి గాలికి, పొడి గడ్డికి అలవాటుపడిన జంతువుకు మన తేమ, మన మేత సరిపడలేదు. అరబ్బీ గుర్రం పొట్టి వీపు, లోపలికి ఒంగిన ముఖం, ఎత్తిపట్టిన తోకతో ఇట్టే గుర్తుపట్టేలా ఉంటుంది. చాలావాటికి మిగతా గుర్రాల్లా 18 కాక 17 జతల పక్కటెముకలే ఉంటాయి. అది గెలిచేది ఓర్పులో. ఈనాటికీ ఒక్క రోజులో 160 కిలోమీటర్లు నడిచే పోటీల్లో దానిదే పైచేయి.

దక్కనులోనే స్థిరపడిన జాతి కూడా ఒకటుంది, భీమా నది పరిసరాల భీమ్‌థడీ. అరబ్బీ రక్తం స్థానిక గుర్రాల్లో కలిసి తయారైందని చెప్తారు. మరాఠా సైన్యాలు వాడినవి ఇవే, ఇప్పుడు ధనగర్ గొర్రెల కాపరులు వలస వెళ్లేటప్పుడు సామాను మోస్తున్నాయి. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో ఈమధ్యే దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది. నీ వ్యాసంలో దీనికి తప్పకుండా చోటివ్వు.

ప్రశ్న: మార్వారీ, కథియవారీ రెండింటి చెవులూ వంకర తిరిగే ఉన్నాయి. తేడా ఎలా తెలుస్తుంది? చేతక్ ఏ జాతి? — తాడేపల్లి

చెవులు మొదలు దగ్గర నుంచి లోపలికి తిరిగి కొసలు ఒకదానికొకటి తగలడం ఈ రెండు జాతుల గుర్తు. కథియవారీలో ఈ వంపు ఇంకా ఎక్కువ. అది సౌరాష్ట్రది, కాస్త పొట్టి, నుదురు వెడల్పు, ముఖం లోపలికి ఒంగి ఉంటుంది, నలుపు రంగు ఆ జాతిలో ఉండదు. గుజరాత్‌లో పోలీసులు వాడతారు. మార్వారీ జోధ్‌పూర్ వైపుది, పొడుగు, ముఖం తిన్నగా ఉంటుంది, మచ్చల గుర్రాలు కూడా ఉంటాయి. చాలా మార్వారీలకు పుట్టుకతోనే రేవాల్ అనే నడక వస్తుంది, ఎక్కినవాళ్లకు కుదుపు తెలియదు. ఎడారి ప్రయాణానికి అంతకంటే ఏం కావాలి! జాగీర్లు పోయాక వీటిని సాకేవాళ్లు లేక కొన్నాళ్లు అంతరించిపోయే పరిస్థితి వచ్చింది, ఇప్పుడు కోలుకున్నాయి. విదేశాలకు పంపడం మీద ఇప్పటికీ ఆంక్షలున్నాయి. రాణా ప్రతాప్ గుర్రం చేతక్ మాదంటే మాదని రెండు వైపులవాళ్లూ అంటారు, తేల్చే ఆధారం లేదు.

ప్రశ్న: యూట్యూబ్‌లో పెద్ద పెద్ద గుర్రాలతో దున్నుతున్నారు. మన పొలాల్లో కుదురుతుందా? — మంగళగిరి

కుదరదండీ. మీరు చూసినవి ఫ్రాన్స్ పెర్షెరాన్, ఇంగ్లండ్ షైర్, బెల్జియన్ లాంటి బరువు లాగే జాతులు, 800 నుంచి 1000 కిలోల దాకా తూగుతాయి. చలి దేశాల్లో పుట్టిన ఒళ్లు, పైగా షైర్ కాళ్లకు కింద దాకా గుబురు వెంట్రుకలు. మన నల్లరేగడి బురదలో, ఈ ఉక్కలో ఆ వెంట్రుకల కింద చర్మం చీము పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. ఇంకో సంగతి, మోపురం ముందు కాడి వేస్తే ఎద్దు లాగుతుంది, గుర్రం మెడ మీద కాడి వేస్తే ఊపిరాడదు, అది భుజాలతో, రొమ్ముతో నెట్టాలి, దానికి వేరే పట్టెడ కావాలి. ఒంగోలు గిత్తలున్న నేలలో ఈ ఆలోచన ఎందుకు!

ప్రశ్న: గుర్రం బేరం కుదిరింది. మా పెదనాన్న వచ్చి చూసి సుడి బాగాలేదు, ఇంటికి అచ్చిరాదు అంటున్నారు. ఏం చేయను? — పట్టాభిపురం, గుంటూరు

పెద్దాయన మాటను కొట్టిపారేయమని నేను చెప్పను, ఇంట్లో మీరు మీరు మాట్లాడుకోండి. సుడికీ ఆరోగ్యానికీ మాత్రం సంబంధం లేదు. రెండు గుర్రాలకు సుడులు ఒకే తీరుగా ఉండటం అరుదు కాబట్టి గుర్తింపు పత్రాల్లో వాటిని రాసుకుంటారు, అంతవరకే. పెదనాన్నగారిని వెంటబెట్టుకుని వెళ్లి ఈ నాలుగూ చూడమనండి, ఆయన కన్ను మీకు పనికొస్తుంది.

ముందు పళ్లు. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్లకు ముందు పళ్లు జతలు జతలుగా మారి, ఐదేళ్లకు నోరు నిండుతుంది, ఆ తర్వాత అరుగుదలను బట్టి అంచనా కట్టాలి. తర్వాత డెక్కలు, పగుళ్లు, దుర్వాసన ఉండకూడదు, లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మార్చినట్టు కనిపించాలి. మూడోది, గట్టి నేల మీద తాడు వదులుగా పట్టుకుని పరిగెత్తించండి, ముందు కాలు నొప్పి ఉన్న గుర్రం ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకి ఎత్తుతుంది. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, గ్లాండర్స్ రక్తపరీక్ష. ఇది మనుషులకూ అంటే జబ్బు. వచ్చిందని తేలితే చట్టప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. పరీక్ష రిపోర్టు చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఇంటికి తెచ్చిన రోజే ధనుర్వాతం టీకా సంగతి అడగండి, ఆ జబ్బు గుర్రాలకు చాలా తేలిగ్గా సోకుతుంది.

ప్రశ్న: అంకుల్, పోనీ పెద్దయ్యాక గుర్రమవుతుందా? — ఆరో తరగతి, సత్యనారాయణపురం

అవ్వదు నాన్నా. పోనీ పెద్దయినా పోనీయే. సాధారణంగా 14.2 హ్యాండ్లకు, అంటే 58 అంగుళాలకు లోపు ఉండేవాటిని అలా పిలుస్తారు. షెట్లాండ్ పోనీ అయితే 42 అంగుళాలు కూడా దాటదు, అయినా ఒకప్పుడు బ్రిటన్ బొగ్గు గనుల్లో బండ్లు లాగింది. గుర్రం పిల్లకు కాళ్లు పొడుగ్గా, ఒళ్లు చిన్నగా ఉంటుంది, పోనీకి కాళ్లు పొట్టిగా, ఒళ్లు బొద్దుగా ఉంటుంది. ఈసారి చూసినప్పుడు నువ్వే గుర్తుపట్టు.

ప్రశ్న: మా తోటలో కథియవారీ జత ఉంది. ఉలవలు ఎంత పెట్టాలి? వరిగడ్డి చాలా? దాణా ఖర్చు తగ్గించుకోవడానికి పక్కనే ఉన్న కోళ్లఫారం మేత కలపొచ్చా? — గొల్లపూడి

చివరి మాటకు ముందు జవాబు చెప్తాను. కోళ్ల మేత పొరపాటున కూడా పెట్టకండి. కోళ్లకు రక్త విరేచనాలు రాకుండా ఆ మేతలో మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కలుపుతారు, అవి కొద్దిపాటి మోతాదులోనే గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేస్తాయి, విరుగుడు లేదు. కొన్ని పశువుల దాణాల్లోనూ ఇవి ఉంటాయి, సంచి మీద చదవకుండా కొనొద్దు. ఫారం బస్తాలు, గుర్రాల బస్తాలు ఒకే గదిలో ఉంచొద్దు, ఒకే తట్టతో తోడొద్దు. బూజు పట్టిన మొక్కజొన్న కూడా అంతే ప్రమాదం, మెదడుకు ఎక్కుతుంది.

వరిగడ్డి ఒక్కటే చాలదు, అందులో బలం తక్కువ. గరిక, ఎండుగడ్డి, ముదిరిన జొన్న చొప్ప కలపండి. లేత జొన్న మాత్రం విషం. 350 కిలోల గుర్రానికి రోజుకు ఆరేడు కిలోల ఎండుమేత ఉండాలి, 30, 40 లీటర్ల నీళ్లు తాగుతుంది. ఉలవలు ఉడకబెట్టి, చల్లార్చి, స్వారీ లేని రోజుల్లో అర కిలోకు మించకుండా పూటకు కొంచెం చొప్పున ఇవ్వండి. దాని పొట్ట చిన్నది, గుర్రానికి వాంతి కాదు, ఒకేసారి ఎక్కువ తింటే కడుపు నొప్పితో పొర్లుతుంది. అలా పొర్లుతూ, పక్కలు వెనక్కి తిరిగి చూసుకుంటూ, పేడ వేయడం ఆగిపోతే తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా సరే డాక్టరును పిలవండి.